రేషన్ బియ్యం నుంచి ఐదు రూపాయల ప్యాకెట్ దాకా: మన పేగులకు అందనిది ఏమిటి?

తెలంగాణలో 2025 ఉగాది నుంచి రేషన్ షాపుల్లో సన్నబియ్యం ఇస్తున్నారు. మనిషికి నెలకు 6 కిలోలు, పైసా తీసుకోకుండా. అంతకుముందు దొడ్డుబియ్యం ఇచ్చినప్పుడు చాలా ఇళ్లలో అది తినలేక, వచ్చిన ధరకు దళారీకి అమ్ముకునేవారు. ఇప్పుడు అదే ఇళ్లలో రేషన్ బియ్యం పొయ్యి మీదికి ఎక్కుతోంది. పేదవాడి కంచంలోకి సన్నన్నం రావడం చిన్న విషయం కాదు. దీన్ని తప్పు పట్టాల్సిన పని లేదు.

అయితే ఒక లెక్క వేసి చూడాలి. నెలకు 6 కిలోలంటే రోజుకు 200 గ్రాములు. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ, అదే ఎన్‌ఐఎన్, 2017లో ప్రచురించిన ఆహార పట్టికల ప్రకారం 100 గ్రాముల పాలిష్ బియ్యంలో పీచు 3 గ్రాముల లోపే. అంటే రేషన్ బియ్యం నుంచి ఒక మనిషికి రోజుకు అందే పీచు 6 గ్రాములకు మించదు. పెద్దవాళ్లకు రోజుకు కనీసం 25 గ్రాములు కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. మరి మిగతా 19 గ్రాములు ఎక్కడి నుంచి రావాలి? పప్పు నుంచి, కూరగాయల నుంచి, ఆకుకూరలు, పండ్లు, జొన్నల నుంచి. వీటిలో ఏదీ ఉచితంగా దొరకదు.

ఇప్పుడు ఫోన్ తెరిస్తే చాలు, ‘గట్ హెల్త్’ మాటే. ప్రోబయోటిక్ డ్రింకులు, డిటాక్స్ పొడులు, ‘ఏడు రోజుల్లో పేగులు క్లీన్’ అంటూ రీల్స్. వాటి ధర చూస్తే పేగు ఆరోగ్యం అనేది జూబ్లీహిల్స్ వాళ్ల ముచ్చట అనిపిస్తుంది. అసలు విషయం వేరు. ఆ 19 గ్రాములు అందని ఇల్లు బస్తీలో ఉంటుంది.

పీచుకు అంత సీన్ ఎందుకు?

మనం తిన్న అన్నం, మాంసం, నూనె చాలావరకు చిన్నపేగులోనే అరిగిపోతాయి. పీచును అరిగించే శక్తి మన ఒంటికి లేదు. అది అలాగే పెద్దపేగులోకి దిగుతుంది. అక్కడ దాని కోసం ఎదురుచూసేవాళ్లు వేరే ఉన్నారు. 2016లో శాస్త్రవేత్తలు వేసిన ఒక అంచనా ప్రకారం సగటు మనిషి ఒంట్లో సుమారు 38 లక్షల కోట్ల బ్యాక్టీరియా ఉంటాయి. వాటిలో అత్యధికం పెద్దపేగులోనే. మన సొంత కణాల సంఖ్య 30 లక్షల కోట్లు. అంటే లెక్కకు చూస్తే మన ఒంట్లో మనకంటే వాళ్లే ఎక్కువ!

ఈ బ్యాక్టీరియా పీచును పులియబెట్టి కొన్ని ఆమ్లాలను తయారుచేస్తాయి. అందులో ముఖ్యమైనది బ్యుటిరేట్. పెద్దపేగు లోపలి పొరలో ఉండే కణాలకు అదే ప్రధానమైన తిండి. ఆ పొర గట్టిగా ఉంటే పేగులో ఉండాల్సినవి పేగులోనే ఉంటాయి, రక్తంలోకి దిగవు. పీచు అందకపోతే ఏమవుతుంది? 2016లో ఎలుకల మీద జరిగిన ప్రయోగం దీనికి జవాబిచ్చింది. తిండిలో పీచు లేకపోయేసరికి బ్యాక్టీరియా ఊరుకోలేదు. పేగు గోడను కాపాడే జిగురు పొరనే తినడం మొదలుపెట్టాయి. ఆ పొర పలచబడ్డాక ఇన్ఫెక్షన్ సులభంగా లోపలికి చొరబడింది. ఎలుక మనిషి కాదు, నిజమే. కానీ మనుషుల మీద జరిగిన ఒక పరీక్ష కూడా అదే దారి చూపిస్తోంది.

2015లో 20 మంది ఆఫ్రికన్ అమెరికన్లకు, 20 మంది దక్షిణాఫ్రికా పల్లెవాసులకు రెండు వారాల పాటు ఒకరి తిండి ఇంకొకరికి మార్చి పెట్టారు. అమెరికా వాళ్లకు రోజుకు 55 గ్రాముల దాకా పీచు ఉన్న పల్లె భోజనం, పల్లెవాళ్లకు 12 గ్రాముల పీచు, బోలెడు కొవ్వు, మాంసం ఉన్న అమెరికా భోజనం. రెండు వారాలకే పెద్దపేగు లోపలి వాపు లక్షణాలు తారుమారయ్యాయి. పల్లె భోజనం తిన్నవాళ్లలో వాపు తగ్గింది, బ్యుటిరేట్ పెరిగింది. అమెరికా భోజనం తిన్నవాళ్లలో పెద్దపేగు క్యాన్సర్ ముప్పుతో ముడిపడిన గుర్తులు పెరిగాయి. రెండు వారాలకే ఇంత తేడా. మంచికైనా, చెడుకైనా.

మనసుకూ పేగుకూ సంబంధం ఉందా అంటే, ఉంది. కానీ రీల్స్‌లో చెప్పినంత సూటిగా లేదు. ఒంట్లోని సెరటోనిన్‌లో దాదాపు 90 శాతం పేగులోనే తయారవుతుందన్నది నిజం. అది నేరుగా మెదడులోకి వెళ్లిపోతుందన్నది మాత్రం నిజం కాదు. మెదడుకు, పేగుకు మధ్య నరాల ద్వారా, రోగనిరోధక వ్యవస్థ ద్వారా మాటలు నడుస్తాయి. ఆస్ట్రేలియాలో డిప్రెషన్ ఉన్న 67 మందితో 12 వారాల పరీక్ష ఒకటి జరిగింది. 2017లో వచ్చిన ఫలితాల్లో, తిండి మార్చుకున్నవాళ్లలో 32 శాతం మంది కోలుకున్నారు, మార్చనివాళ్లలో 8 శాతమే. పరీక్ష చిన్నది. దాన్ని చూసి మందులు ఆపేయకూడదు. తిండి కూడా చికిత్సలో భాగం కావచ్చని మాత్రం చెప్పుకోవచ్చు.

నానీ వంటింట్లో ఏముండేది?

హైదరాబాదీ భోజనం అనగానే బిర్యానీ ఒక్కటే గుర్తొస్తుంది. ఇది హోటళ్లు చేసిన ప్రచారం అనాలి. పాత ఇళ్లలో బిర్యానీ దావత్ తిండి, రోజువారీది కాదు. రోజూ దస్తర్‌ఖాన్ మీద ఉండేది ఖట్టీ దాల్, శనగపప్పు, సొరకాయ వేసిన దాల్చా, అంబాడా అని పిలిచే గోంగూర, చింతచిగురుతో గోష్త్, బగారా బైంగన్. పొద్దున నాష్తాకి మసూర్ పప్పు వేసిన ఖిచ్డీ, పక్కన నువ్వులు, చింతపండు ఖట్టా. మాంసం ఉండేది, కానీ పప్పుతోనో ఆకుతోనో కలిసి ఉండేది. ఎన్‌ఐఎన్ పట్టికలో శనగపప్పుకు 100 గ్రాములకు 15 గ్రాముల పీచు, కందిపప్పుకు 9 అని ఉంది. దాల్చా వండిన నానీకి ఈ అంకెలు తెలియవు, వంట మాత్రం తెలుసు.

హలీమ్ సంగతి కూడా అంతే. గోధుమ, పప్పులు, మాంసం కలిపి గంటల తరబడి ఉడికించే వంట అది. రంజాన్‌లో ఖజూర్, పండ్లు, ఉడికించిన శనగలతో ఇఫ్తార్ మొదలుపెట్టే అలవాటు పేగుకు చాలా మంచిది. ఇబ్బంది ఎక్కడొస్తుందంటే, దాని వెనకే సమోసా, మిర్చీ బజ్జీ, రంగు షర్బత్, ఆ తర్వాత హోటల్ హలీమ్ మీద తేలే నెయ్యి. పొద్దంతా ఖాళీగా ఉన్న కడుపు మీద ఒక్కసారిగా ఇన్ని పడితే ఎసిడిటీ రాక ఏమవుతుంది?

పల్లె తెలంగాణలో కథ ఇంకోలా నడిచింది. అక్కడ జొన్న రొట్టె, గట్క, అంబలి రోజువారీ తిండి. జొన్నలో 100 గ్రాములకు 10 గ్రాముల పీచు, పాలిష్ బియ్యంలో ఉన్నదానికి మూడు రెట్లు. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో 2 రూపాయల బియ్యం పథకం పెట్టింది. ఆకలితో పడుకునే ఇళ్లలో అన్నం ఉడికింది. ఆ పథకాన్ని ఇప్పుడు ఏసీ గదుల్లో కూర్చుని ఎగతాళి చేసేవాళ్లను చూస్తే చిరాకేస్తుంది. అయితే బియ్యం చవకగా దొరికేసరికి జొన్న పక్కకు జరిగిందన్నది కూడా చరిత్రే. బోర్లు వచ్చాయి, వరి పెరిగింది, జొన్న చేను తగ్గింది. తినే అలవాటు పోయాక పండించే అలవాటూ పోయింది.

ఎన్‌ఐఎన్ పుట్టుకలోనే ఒక చిత్రమైన విషయం ఉంది. 1918లో రాబర్ట్ మెక్‌కారిసన్ కూనూర్‌లో ఒక్క గదిలో ప్రారంభించిన బెరిబెరి పరిశోధన విభాగమే పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాద్‌కు వచ్చింది. బెరిబెరి అంటే బి1 విటమిన్ లోపం వల్ల వచ్చే జబ్బు. తవుడు పోయేదాకా పాలిష్ పట్టిన బియ్యమే తింటూ బతికినవాళ్లలో ఎక్కువగా కనిపించేది. వందేళ్ల తర్వాత అదే సంస్థ ఉన్న నగరంలో, అదే తెల్లబియ్యం గురించి ఇంకో రకంగా మాట్లాడుకుంటున్నాం. సన్నమైనా దొడ్డైనా, తవుడు పోయాక పీచు విషయంలో రెండూ ఒకటే.

అలాగని జొన్న రొట్టె తింటే షుగర్ పోతుందని చెబితే అది కూడా తప్పే. 2025లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వే విశ్లేషణ ప్రకారం భారతీయుల శక్తిలో 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తోంది. తెల్లబియ్యం బదులు అంతే మోతాదులో గోధుమ పిండో, చిరుధాన్యాల పిండో తింటే షుగర్ ముప్పు పెద్దగా తగ్గినట్టు అందులో కనిపించలేదు. పిండిపదార్థాలు కొంత తగ్గించి ఆ చోట పప్పు, పాలు, గుడ్డు వంటి ప్రొటీన్ పెంచినప్పుడు తగ్గింది. మిల్లెట్ బిస్కెట్లు, మిల్లెట్ నూడుల్స్ అమ్మేవాళ్లు ఈ సంగతి ప్యాకెట్ మీద రాయరు. జొన్న పేగుకు మేలు చేస్తుంది, షుగర్‌కు పప్పు కూడా కావాలి. రెండూ కలిస్తేనే భోజనం.

ప్యాకెట్ సంగతి

బస్తీలో కిరాణా కొట్టు ముందు వేలాడే ప్యాకెట్ల తోరణం చూడండి. 5 రూపాయలు, 10 రూపాయలు. కిలో వంద రూపాయలు దాటిన కందిపప్పు కొనడానికి ఆలోచించే తల్లి, ఏడుస్తున్న పిల్లవాడి చేతిలో 5 రూపాయల ప్యాకెట్ పెట్టడానికి ఆలోచించదు. ఆమెను తప్పు పట్టలేం. పని నుంచి వచ్చి వంట చేసే లోపు పిల్లవాడి నోరు మూయించే సాధనం అదొక్కటే. అందులో ఉండేది మైదా లేదా బంగాళదుంప పిండి, పామాయిల్, ఉప్పు, రుచి కోసం వేసే పొడులు. పెద్దపేగు దాకా వెళ్లి బ్యాక్టీరియాకు దొరికేది దాదాపు ఏమీ ఉండదు.

2024-25 ఆర్థిక సర్వే ఈ అల్ట్రా ప్రాసెస్డ్ తిండి గురించి గట్టిగానే హెచ్చరించింది. 2006లో 90 కోట్ల డాలర్లు ఉన్న దీని వినియోగం 2019 నాటికి 3,790 కోట్ల డాలర్లు దాటిందని అందులో ఉంది. ఇది కేవలం నోటి రుచి వ్యవహారం కాదు. 2019లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ 20 మందిని నెల రోజులు తన పర్యవేక్షణలో పెట్టుకుంది. రెండు వారాలు ప్యాకెట్ తిండి, రెండు వారాలు ఇంటి తరహా తిండి, కడుపు నిండేదాకా తినమన్నారు. ప్యాకెట్ తిండి ఇచ్చిన రోజుల్లో మనిషి రోజుకు సుమారు 500 క్యాలరీలు ఎక్కువ తిన్నాడు, రెండు వారాల్లో దాదాపు కిలో బరువు పెరిగాడు. మరి మన రాష్ట్రంలో పరిస్థితి? ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఐదేళ్ల లోపు పిల్లల్లో 33 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. అదే సర్వేలో మహిళల్లో 30 శాతం అధిక బరువు. ఒకే ఇంట్లో ఎదగని బిడ్డ, బరువు పెరిగిన తల్లి. ఇద్దరికీ తక్కువైంది ఒకటే, సరైన తిండి.

లేబుల్ ఏం చేయగలదో తెలుసుకోవడానికి చిలీ దాకా వెళ్లొచ్చు. 2016 నుంచి అక్కడ చక్కెర, ఉప్పు ఎక్కువున్న ప్యాకెట్ల మీద నల్లటి ముద్ర వేయాల్సిందే. ఏడాదిన్నరలో తీపి పానీయాల కొనుగోళ్లు దాదాపు నాలుగో వంతు తగ్గాయి. మన దగ్గర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2022లో నక్షత్రాల రేటింగ్ ముసాయిదా పెట్టింది. హెచ్చరిక వేయాల్సిన చోట నక్షత్రాలు ఇవ్వడమేమిటని వైద్యులు, వినియోగదారుల సంఘాలు అభ్యంతరం చెప్పాయి. 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దీని మీద మూడు నెలల్లో తేల్చమంది. అంత సులభంగా తేలే వ్యవహారం కాదని అప్పుడే చాలామందికి అర్థమైంది.

లేబుల్ పోరాటం గెలవడం అసాధ్యమని మాత్రం అనుకోనక్కర్లేదు. మన హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి ఒకే మాట పట్టుకుని పోరాడారు. ఓఆర్‌ఎస్ అని పేరు పెట్టుకుని చక్కెర నీళ్లు అమ్ముతున్నారని. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటర్ ఓఆర్‌ఎస్‌లో 13.5 గ్రాముల గ్లూకోజ్ ఉండాలి. మార్కెట్లోని కొన్ని డబ్బాల్లో చక్కెర దానికి ఎన్నో రెట్లు. విరేచనాలైన పిల్లవాడికి అంత చక్కెర పడితే, పేగు నీటిని లోపలికి పీల్చుకునే బదులు బయటికి వదులుతుంది, విరేచనాలు ఇంకా పెరుగుతాయి. 2025 అక్టోబర్ 14న ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ తన పాత అనుమతులను వెనక్కి తీసుకుంది. సూత్రం పాటించని పానీయాల పేరులో ఓఆర్‌ఎస్ అన్న మాట వాడకూడదని ఆదేశించింది. అయినా మెడికల్ షాపులో అడిగేటప్పుడు ‘డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా’ అని ఉందో లేదో చూసి కొనండి. పొడి ప్యాకెట్ చవక కూడా.

గ్యాస్ గోలీ, మజ్జిగ గ్లాసు

పీచు గురించి విన్న వెంటనే కొందరు ఒక్కరోజులో అలవాటు మొత్తం మార్చేస్తారు. పొద్దున మొలకలు, మధ్యాహ్నం రాజ్మా, రాత్రి జొన్న రొట్టె. మర్నాడు కడుపు ఉబ్బి, ‘మాకు పడలేదు’ అని వదిలేస్తారు. ఎన్నో ఏళ్లుగా పీచు చూడని బ్యాక్టీరియాకు కొంత సమయం ఇవ్వాలి. వారానికి కొంచెం చొప్పున పెంచాలి, నీళ్లు ఎక్కువ తాగాలి. పప్పులు, శనగలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి వండితే గ్యాస్ తగ్గుతుంది.

పెరుగు, మజ్జిగ గురించి ఒక మాట. 2021లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం 36 మందితో చేసిన పరీక్షలో, 10 వారాలు పులిసిన ఆహారం ఎక్కువగా తిన్నవాళ్ల పేగుల్లో బ్యాక్టీరియా రకాలు పెరిగాయి, వాపు సూచించే 19 ప్రొటీన్లు తగ్గాయి. పీచు మాత్రమే పెంచినవాళ్లలో అంత త్వరగా రకాలు పెరగలేదు. ఇడ్లీ, దోశ కూడా పులిసినవే కదా అంటారు. పిండి పులిసినదే, కానీ ఆవిరి మీద ఉడికేసరికి ఆ బ్యాక్టీరియా చచ్చిపోతాయి. ఇడ్లీ సులభంగా అరుగుతుంది, సంతోషంగా తినండి. బతికున్న బ్యాక్టీరియా కావాలంటే మాత్రం ఇంట్లో తోడు పెట్టిన పెరుగే. వందల రూపాయల డ్రింకు పని ఒక మజ్జిగ గ్లాసు చేస్తుంది.

మన దగ్గర ఇంకో అలవాటు ఉంది. కడుపులో మంట అనగానే గ్యాస్ గోలీ, జ్వరం అనగానే చీటీ లేకుండా యాంటీబయాటిక్. యాంటీబయాటిక్ జబ్బు క్రిములతో పాటు పేగులోని మంచి బ్యాక్టీరియాను కూడా చంపుతుంది. ఎసిడిటీ గోలీలు నెలల తరబడి మింగితే పేగు బ్యాక్టీరియా తీరు మారుతుందని పరిశోధనల్లో తేలింది. డాక్టర్ రాసినన్ని రోజులే వాడాలి. మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, 45 దాటాక మలవిసర్జన అలవాటు హఠాత్తుగా మారడం కనిపిస్తే ఇసబ్గోల్ తాగుతూ కూర్చోకుండా ఆస్పత్రికి వెళ్లాలి.

తిండి ఎంత మంచిదైనా నీళ్లు బాగోలేకపోతే లాభం లేదు. 2009 మేలో భోలక్‌పూర్‌లో కలుషిత నీళ్లు తాగి ప్రాణాలు పోయిన సంగతి నగరం మర్చిపోకూడదు. పిల్లలకు పదే పదే విరేచనాలైతే పేగు లోపలి పొర దెబ్బతింటుంది. తిన్నది కూడా ఒంటికి పట్టదు. మురుగు పైపు పక్కనే మంచినీటి పైపు పారుతున్న గల్లీలో ‘ఫైబర్ తినండి’ అని బోర్డు పెడితే నవ్వుతారు.

రేషన్‌లో ఇంకేం ఇవ్వొచ్చు?

2013 జాతీయ ఆహార భద్రతా చట్టంలో కిలో 3 రూపాయల బియ్యం, 2 రూపాయల గోధుమతో పాటు 1 రూపాయి ముతక ధాన్యాల మాట కూడా ఉంది. తర్వాత అన్నీ ఉచితం చేశారు. అంటే జొన్న, సజ్జ, రాగి రేషన్‌లో ఇవ్వడానికి కొత్త చట్టం అక్కర్లేదు. కర్ణాటకలో ఉత్తరాన జొన్న, దక్షిణాన రాగి రేషన్ షాపుల్లో ఇచ్చారు. మన జహీరాబాద్ పక్కన పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలు 1990ల్లోనే జొన్నతో సొంత రేషన్ నడిపి చూపించారు. జీహెచ్‌ఎంసీ ఇందిరమ్మ క్యాంటీన్ల 5 రూపాయల టిఫిన్‌లో మిల్లెట్ ఇడ్లీ, మిల్లెట్ ఉప్మా పెట్టింది. అది మంచి మొదలే కానీ, క్యాంటీన్ దాకా రాలేని ఇంటికి దానివల్ల ఏమీ అందదు.

జొన్న ఇస్తే ఎవరు తింటారు, రొట్టె తట్టడం ఈ కాలం పిల్లలకు వచ్చా అన్న ప్రశ్న అధికారులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అందరికీ బలవంతంగా ఇవ్వక్కర్లేదు, కావాలన్నవాళ్లకు బియ్యంలో కొంత బదులు ఇవ్వొచ్చు. జొన్న దొరకదనే సాకు కూడా లేదు. 2024-25లో జొన్నకు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 3,371 రూపాయలు. ఆ ధరకు రైతుల దగ్గర జొన్న కొనడానికి రాష్ట్రంలో మార్క్‌ఫెడ్ ఉంది.

మొదట్లో వేసిన లెక్కనే ఇంకోసారి వేద్దాం. 6 కిలోల బియ్యంలో 2 కిలోలు తీసి ఆ చోట 2 కిలోల జొన్న పెడితే, మనిషికి రోజుకు అందే పీచు 6 గ్రాముల లోపు నుంచి 10 గ్రాములు దాటుతుంది. దానికి నెలకు మనిషికో కిలో శనగపప్పు కలిపితే 15 దాటుతుంది, షుగర్‌కు కావాల్సిన ప్రొటీన్ కూడా కొంత వస్తుంది. ఇంటివాళ్లు సొంతంగా కొనుక్కోవాల్సిన పీచు 19 గ్రాముల నుంచి 10 గ్రాములకు దిగుతుంది. ఆ 10 గ్రాములు ఒక కట్ట తోటకూర, ఒక జామకాయతో వచ్చేస్తాయి.